ఒకే రంధ్రంలోంచి పది గుండ్లు

నాంపల్లి నుమాయిష్‌లో బెలూన్ల బోర్డు ముందు నిలబడి గాలి తుపాకీ పేల్చినవాళ్ళలో చాలామందికి ఒకటే అనుమానం: తప్పు నా గురిదా, తుపాకీదా? చాలాసార్లు తుపాకీదే. వందల చేతులు మారిన ఆ తుపాకీలో, విరిచి గుండు పెట్టేచోట కీలు వదులైపోయి ఉంటుంది. పిస్టన్‌కు తొడిగిన తోలు వాషరు నూనె లేక ఎండిపోయి ఉంటుంది. స్ప్రింగు బిగువు సడలి ఉంటుంది. గుండు ఒకసారి పోయినచోటికి మరోసారి పోదు. అదే కొలత సీసపు గుండు, 4.5 మిల్లీమీటర్లది, మంచి పోటీ రైఫిల్‌లోంచి వెళితే పది మీటర్ల దూరంలో అర మిల్లీమీటరు చుక్కను పదే పదే కొడుతుంది. ఈ రెండు తుపాకుల నడుమ రెండు వందల ఏళ్ళు పైబడిన పనితనం ఉంది. ఆ పనితనంలో మన హైదరాబాద్‌కూ ఒక భాగం ఉంది. ఇంకా పెద్ద భాగం ఉండాల్సిందని నా అభిప్రాయం.

గాలితో పేలే తుపాకీ బొమ్మగా మొదలవలేదు. టిరోల్ ప్రాంతానికి చెందిన గిరాండోనీ రూపొందించిన గాలి రైఫిల్‌ను ఆస్ట్రియా సైన్యం 1780 ప్రాంతంలో యుద్ధాయుధంగా తీసుకుంది. దాని వెనక భుజానికి ఆనించే కట్టె భాగమే గాలి నిల్వ ఉండే సీసా. దాన్ని నింపడానికి చేతిపంపుతో దాదాపు 1500 సార్లు కొట్టాలి. పొగ రాదు, వరుసగా ఇరవై దాకా గుండ్లు పేల్చవచ్చు. అమెరికా ఖండాన్ని అడ్డంగా దాటిన లూయిస్, క్లార్క్ బృందం కూడా ఒక గాలి రైఫిల్ వెంట తీసుకెళ్ళింది. కానీ దానికో పెద్ద లోపం ఉండేది. మొదటి గుండుకు సీసాలో గాలి నిండుగా ఉంటుంది, చివరి గుండు నాటికి పలచబడుతుంది. ఒత్తిడి తగ్గితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే గుండు కిందికి జారుతుంది. గుండు గుండుకీ గాలి సమానంగా అందించడం ఎలా అన్న ఈ ప్రశ్నకు పూర్తి జవాబు దొరకడానికి మరో రెండు శతాబ్దాలు పట్టింది.

మధ్యలో స్ప్రింగు వచ్చింది. 1904లో ఇంగ్లండ్‌కు చెందిన లింకన్ జెఫ్రీస్ పేటెంటు పొందిన రైఫిల్‌ను బర్మింగ్‌హామ్‌లోని బీఎస్‌ఏ కంపెనీ తయారు చేయడం మొదలుపెట్టింది. చిన్న రంధ్రంలోంచి గుండు దూరితే వెనకున్న గంట మోగే పోటీలు అక్కడి సారా దుకాణాల్లోనూ క్లబ్బుల్లోనూ జోరుగా సాగేవి. స్ప్రింగు తుపాకీలో గాలి నిల్వ ఉండదు. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, గుండు బయల్దేరుతుంది. ప్రతిసారీ అంతే గాలి కాబట్టి గిరాండోనీ బాధ తీరింది. ఇంకో బాధ మొదలైంది. పిస్టన్ ముందుకు ఉరికేటప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ గాలి దిండును గుద్దుకోగానే ముందుకు కుదుపుతుంది. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే ఈ రెండూ జరిగిపోతాయి. పట్టు కాస్త బిగిసినా, వదులైనా గుండు పడేచోటు మారుతుంది. స్ప్రింగు తుపాకీని రెండు వేళ్ళ మీద తేలికగా ఆనించి పేల్చమని పాతవాళ్ళు చెప్పడానికి కారణం ఇదే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఓడిపోయిన జర్మనీలో తుపాకుల తయారీ మీద ఆంక్షలు వచ్చాయి. వాటిలో ముందుగా సడలింది గాలి తుపాకులకే. దాంతో ఆ దేశపు గొప్ప ఇంజనీర్ల బుర్రలన్నీ ఈ చిన్న తుపాకీ మీద పడ్డాయి. మౌజర్ తుపాకుల కంపెనీలో పనిచేసిన కార్ల్ వెస్టింగర్, ఎర్న్‌స్ట్ ఆల్టెన్‌బర్గర్ అనే ఇద్దరు ఓబెర్న్‌డార్ఫ్‌లో ఫైన్‌వెర్క్‌బావ్ సంస్థ పెట్టారు. వాళ్ళు కుదుపును ఆపడానికి ప్రయత్నించలేదు, కట్టె దాకా రానివ్వకుండా చేశారు. 1960ల్లో వచ్చిన వాళ్ళ రైఫిల్‌లో పేలగానే గొట్టం, పిస్టన్ గది అంతా కలిసి పట్టాల మీద కాస్త వెనక్కి జారుతుంది. భుజానికి ఆనిన కట్టె కదలదు. డయానా కంపెనీ మరో దారి పట్టింది. ఎదురెదురు దిశల్లో రెండు పిస్టన్లు పెట్టి ఒకదాని తోపును ఇంకోదానితో కొట్టేసింది. 1966లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీల్లో చేరింది. 1984 లాస్ ఏంజెలిస్‌లో ఒలింపిక్స్ మెట్టెక్కింది. ఫ్రాన్స్‌కు చెందిన ఫిలిప్ ఎబెర్లే పురుషుల తొలి స్వర్ణ విజేత.

అప్పటికే స్ప్రింగు రోజులు దగ్గరపడ్డాయి. ప్రతి గుండుకు ముందు మీట ఒక్కసారి లాగి గాలిని బిగించి ఉంచే పద్ధతిని వాల్తర్ కంపెనీ 1970ల్లో తెచ్చింది. ఆ తర్వాత కొంతకాలం కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ల హవా నడిచింది. ఈ వాయువుతో మన ఊళ్ళో ఇబ్బంది ఎంతటిదో ఒక లెక్క చెబుతాను. ఇరవై డిగ్రీల దగ్గర దాని ఒత్తిడి దాదాపు 57 బార్. వేడి పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతూ పోతుంది, 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా నిలవనే నిలవదు. జర్మనీలో ఏసీ అక్కర్లేని హాలులో కుదిర్చిన తుపాకీని మే నెలలో హైదరాబాద్ రేంజిలో బయటికి తీస్తే పొద్దున కుదిరిన సైటు మధ్యాహ్నానికి పనికిరాకుండా పోతుంది. అందుకే 1990ల్లో పొడి గాలిని 200 బార్ ఒత్తిడితో సిలిండర్‌లో నింపే రైఫిళ్ళు రాగానే అందరూ అటే మళ్ళారు.

గిరాండోనీ ప్రశ్నకు జవాబు కూడా వీటితోనే దొరికింది. సిలిండర్‌కూ వాల్వుకూ మధ్య రెగ్యులేటర్ అనే చిన్న గది ఉంటుంది. సిలిండర్‌లో 200 ఉన్నా 100 ఉన్నా, వాల్వు ముందుకు ప్రతిసారీ ఒకే ఒత్తిడిని అది అందిస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. రెగ్యులేటర్ లోపలి సీటు సరిగా మూసుకోకపోతే మాత్రం తుపాకీ పక్కన పెట్టిన కొద్దిసేపట్లో ఒత్తిడి మెల్లగా పైకి పాకుతుంది. అప్పుడు విరామం తర్వాతి తొలి గుండు మిగతావాటితో కలవదు. ట్యూనింగ్ తెలిసినవాళ్ళు పోటీకి ముందు వరుస గుండ్ల వేగం కొలిచి ఊరుకోరు. పది నిమిషాలు ఆపి, మళ్ళీ ఒకటి పేల్చి, ఆ ఒక్క అంకెను చూస్తారు.

వేగం ఎందుకంత ముఖ్యమో లెక్క కడితే తెలుస్తుంది. పది మీటర్ల రైఫిల్‌లోంచి 0.53 గ్రాముల గుండు సెకనుకు 170 మీటర్ల పైచిలుకు వేగంతో వెళుతుంది. గమ్యం చేరేలోపు 17 మిల్లీమీటర్ల దాకా కిందికి జారుతుంది. వేగంలో ఒక్క శాతం తేడా వస్తే ఆ జారుడులో మిల్లీమీటరులో మూడో వంతు మారుతుంది. ఎలక్ట్రానిక్ లక్ష్యంలో 10.4కూ 10.5కూ మధ్య దూరం పావు మిల్లీమీటరే. ఇప్పటి పోటీల్లో అర్హత రౌండులోనూ దశాంశాలు లెక్కిస్తారు. అరవై గుండ్లలో ఇలాంటి చిన్న తేడాలు కూడితే ఫైనల్ చేరేవాడు తొమ్మిదో స్థానంలో ఆగిపోతాడు.

తొమ్మిదో స్థానం అంటే హైదరాబాద్‌వాళ్ళకు బీజింగ్ గుర్తొస్తుంది. 2008 ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ 600కు 595 కొట్టాడు. అదే స్కోరు చేసిన మరొకరు ముందుకెళ్ళారు. చివరి గుండ్ల స్కోర్లను పోల్చే కౌంట్‌బ్యాక్‌లో గగన్ ఫైనల్‌కు దూరమయ్యాడు. అదే పోటీలో అభినవ్ బింద్రా భారత్‌కు తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చాడు. ఫైనల్‌కు ముందు పరీక్షగా పేల్చిన గుండు పదికి ఎంతో దూరంలో పడితే, ఉన్న కొద్ది నిమిషాల్లో సైటు సరిచేసుకుని నిలబడ్డాడు. తన తుపాకీ ఏ క్లిక్కుకు ఎంత కదులుతుందో చేతివేళ్ళకు తెలిసినవాడే అది చేయగలడు.

గగన్ పుట్టింది చెన్నైలో, పెరిగింది హైదరాబాద్‌లో. టీనేజీలో తండ్రి కొనిచ్చిన ఎయిర్ పిస్టల్‌తో ఇంటి ఆవరణలోనే సాధన మొదలైంది. మంచి రైఫిల్ కోసం తండ్రి స్థలం అమ్ముకున్న సంగతి ఈ నగరంలో చాలామందికి తెలుసు. 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు హైదరాబాద్‌కు వచ్చినప్పుడు సొంత ఊరి రేంజిలోనే స్వర్ణం గెలిచాడు. బీజింగ్ చేదు మిగిల్చిన ఆ ఏడాదే బ్యాంకాక్ ప్రపంచకప్ ఫైనల్లో అర్హత రౌండులో 600కు 600 కొట్టి, తుది రౌండు కలిపి మొత్తం 703.5తో ప్రపంచ రికార్డు పెట్టాడు. 2012 లండన్‌లో 701.1తో కాంస్యం సాధించాడు. ఆ రోజు స్వర్ణం 702.1. తేడా సరిగ్గా ఒక్క పాయింటు. ఆయన పవన్ సింగ్‌తో కలిసి స్థాపించిన గన్ ఫర్ గ్లోరీ అకాడమీ మన నగరంలోనూ పిల్లలను తయారు చేసింది. వాళ్ళలో ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు.

ఇంత వైభవం ఉన్నా తుపాకీ తెచ్చుకునే దారి, దాన్ని కుదుర్చుకునే దారి ఇప్పటికీ జర్మనీ, ఆస్ట్రియాల మీదుగానే వెళుతున్నాయి. ఇక్కడ గుండు సంగతి చెప్పాలి, ఎందుకంటే ట్యూనింగ్‌లో సగం అదే. గుండ్ల డబ్బా మీద తల కొలత ఉంటుంది: 4.49, 4.50, 4.51. పక్కన లాట్ నంబరు. ఒకే కంపెనీ, ఒకే కొలత, రెండు లాట్లు తీసుకుంటే ఒకటి ఆ గొట్టానికి నప్పుతుంది, ఇంకోటి నప్పదు. ముందుగా చెప్పగలిగే శాస్త్రం ఇంకా రాలేదు. రైఫిల్‌ను కట్టె నుంచి విడదీసి ఇనుప వైసులో బిగించి, ఒక్కో లాట్‌తో పదేసి గుండ్లు కాగితం మీద పేల్చి చూడడమే పద్ధతి. నప్పిన లాట్‌తో పదిగుండ్లూ ఒకే రంధ్రంలోంచి వెళతాయి. ఆ రంధ్రం గుండు కన్నా కాస్తే పెద్దగా, అంచులు గుండ్రంగా ఉంటుంది. నప్పని లాట్‌తో రంధ్రం చిక్కుడు గింజలా ఒక పక్కకు సాగుతుంది. యూరప్ షూటర్లు గుండ్ల ఫ్యాక్టరీకే రైఫిల్ తీసుకెళ్ళి ఈ పరీక్ష చేయించుకుని, నప్పిన లాట్‌ను ఏడాదికి సరిపడా కొనుక్కుంటారు. మన పిల్లలు చాలామంది దొరికిన డబ్బాతో సరిపెట్టుకుంటారు.

వైసులో బిగించి పేల్చే ఈ పరీక్షకు చుట్టరికమే బెంచ్‌రెస్ట్ పోటీ. మందుగుండు రైఫిళ్ళతో అమెరికాలో బల్ల మీద ఆనించి పేల్చే పోటీలకు 1951లో జాతీయ సంఘం ఏర్పడింది. గాలి రైఫిల్‌కు అది ఆలస్యంగా వచ్చింది. దూరం 25 మీటర్లు, ఆరుబయట. ముందు ఒక ఆసరా, వెనక ఇసుక సంచి. కాగితం మీద 25 బొమ్మలు, ఒక్కోదానికి ఒక్కటే గుండు, మొత్తం 250. నిలబడే బలం, ఊపిరి అదుపు ఇక్కడ సాకులుగా పనికిరావు. తుపాకీ ఎంత కుదిరిందో, గాలిని షూటర్ ఎంత చదవగలడో బట్టబయలవుతుంది. దారి పొడవునా పాతిన చిన్న జెండాలను చూసి గాలి సద్దుమణిగే క్షణం కోసం కాచుకుంటారు. గొట్టం చివర సన్నని బరువును మిల్లీమీటర్ల లెక్కన ముందుకూ వెనక్కూ జరిపి, పేలినప్పుడు గొట్టంలో పుట్టే వణుకు గుండు బయటపడే క్షణంలో తక్కువగా ఉండేలా చూస్తారు. కట్టెకు గొట్టాన్ని పట్టే స్క్రూలను ప్రతిసారీ ఒకే బిగువుతో బిగించడానికి టార్క్ రెంచి వాడతారు. చదవడానికి చాదస్తంలా ఉన్నా, ఒక్కో చాదస్తం వెనక పోయిన పాయింట్లున్నాయి.

ఇక్కడ మన చట్టం ఒక చిత్రమైన అవకాశం ఇచ్చింది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్ళకు మించిన శక్తి గానీ, 0.177 అంగుళాలకు మించిన గొట్టపు రంధ్రం గానీ ఉంటే గాలి తుపాకీకి లైసెన్సు కావాలి. బెంచ్‌రెస్ట్‌లో తేలిక తరగతి హద్దు 12 ఫుట్ పౌండ్లు, అంటే దాదాపు 16.3 జౌళ్ళు. ఆ తరగతి మన హద్దులోనే ఉంది. 20 ఫుట్ పౌండ్ల బరువు తరగతి 27 జౌళ్ళు, అది దాటిపోతుంది. ట్యూనింగ్ పేరుతో శక్తి పెంచాలని చూసేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: అది నేరమూ అవుతుంది, గురీ చెడుతుంది. మంచి ట్యూనర్ శక్తి కాస్త తగ్గించి అయినా నిలకడ కొనుక్కుంటాడు.

నేనుండే బాచుపల్లి నుంచి చూస్తే ఈ చరిత్రలో మన తర్వాతి అడుగు స్పష్టంగానే కనిపిస్తుంది. మియాపూర్, లింగంపల్లి దాటితే సెంట్రల్ యూనివర్సిటీ పక్కన గచ్చిబౌలి షూటింగ్ రేంజి. ఇటు వెళితే జీడిమెట్ల, బాలానగర్. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. చుట్టుపక్కల గల్లీల్లోని లేత్ షెడ్లలో మైక్రాన్లు పట్టుకునే మనుషులున్నారు. ఈసీఐఎల్ వైపు వెళితే అణు ఇంధన సముదాయంలో అతుకులేని గొట్టాలు తయారవుతున్నాయి. బాచుపల్లి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు సెన్సర్లతో, మైక్రోకంట్రోలర్లతో ప్రాజెక్టులు చేస్తూనే ఉన్నారు. గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ అంటే రెండు కాంతి సెన్సర్లు, ఒక గడియారం. రెగ్యులేటర్ అంటే ఒక పిస్టన్, కొన్ని స్ప్రింగు వాషర్లు, నునుపైన ఒక సీటు. వీటిలో మనకు చేతకానిది ఏదీ లేదు. లోటల్లా రేంజికీ షెడ్డుకూ మధ్య ఉన్న ఆ కొద్ది కిలోమీటర్ల దూరమే. ఇక్కడి మెషినిస్టుకు షూటర్ బాధ తెలియదు, షూటర్‌కు ఈ మెషినిస్టు ఉన్నాడని తెలియదు.

క్రీడా సంస్థలకు, బాలానగర్ యజమానులకు, కాలేజీ అధ్యాపకులకు నా మనవి ఒకటే. గచ్చిబౌలి రేంజిలో ఒక మూల ఇనుప వైసు, ఒక క్రోనోగ్రాఫ్, పది రకాల గుండ్ల లాట్లు పెట్టండి. నిబంధనలకు లోబడి, శిక్షకుల పర్యవేక్షణలో, వారానికి ఒక రోజు ఏ పిల్లవాడైనా తన రైఫిల్ తెచ్చి పరీక్షించుకునే వీలు కల్పించండి. పక్కనే ఒక 25 మీటర్ల బల్ల వేయండి. స్థలం అమ్మి రైఫిల్ కొనే తల్లిదండ్రులకు కనీసం ఆ రైఫిల్‌కు నప్పే గుండు ఏదో చెప్పగలిగే చోటు ఒకటి ఈ నగరంలో ఉండాలి.