తెల్ల గుర్రం ఎడమ కన్ను

షెడ్డులో అడుగు పెట్టగానే తడిగడ్డి, లద్దె వాసన. దాని మీద నిన్న రాత్రి బరాత్‌లో చల్లిన సెంటు ఇంకా తేలుతోంది. దండేనికి జలతారు గుడ్డ, గవ్వల పట్టీ, గుర్రం నుదుట కట్టే కుచ్చుల తెర వేలాడుతున్నాయి. గోడ అవతల మానేరు నీళ్లు పారే వరి మళ్లు. కోత దగ్గరపడ్డా మడుల్లో తడి ఆరలేదు, తెల్లారినా దోమలు వదల్లేదు. కరీంనగర్ ఇక్కడికి కూతవేటు దూరమే.

తెల్ల ఆడగుర్రం అలికిడికి తల తిప్పుతుంది. కుడి కన్ను మిమ్మల్ని పట్టేసింది. ఎడమ కన్ను సగమే తెరుచుకుంది.

“నిన్న పెండ్లిల మంచిగనే ఎగిరింది సారూ,” అంటాడు దాని యజమాని చాచా, మెడ నిమురుతూ. “పొద్దుగాల దాణ పెడుతుంటే కంటికెళ్లి నీళ్లు కారుతున్నయి. పటాకి రవ్వ పడ్డదో ఏమో.”

పశువైద్యుడు వెంటనే చెయ్యి వెయ్యడు. ఎదురుగా నిలబడి రెండు కళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. మీరూ అక్కడే నిలబడండి. నొప్పి లేని గుర్రానికి పై రెప్ప వెంట్రుకలు దాదాపు అడ్డంగా, బయటికి నిలుస్తాయి. ఎడమవైపు అవి కిందికి వాలాయి. కన్ను ఎర్రబడకముందే, తెల్లబడకముందే చాలాసార్లు ఈ వాలు కనిపిస్తుంది. రోజూ పొద్దున దాణ పెట్టేటప్పుడు ఎదురుగా నిలబడి చూస్తే ఇది దొరుకుతుంది. కాని పెళ్లిళ్ల కాలంలో ఈ గుర్రం ముఖం ఎవరికి కనిపిస్తుంది? సాయంత్రమైతే కుచ్చుల తెర పడుతుంది. అందం కోసం కట్టే ఆ తెరే కన్నును దాస్తుంది. పైగా అడుగు అడుగుకీ ఊగుతూ కంటినే రాస్తుంది. ఆ తెర మీద నాకు మొదటినుంచీ కోపమే.

డాక్టరు ఎడమ కంటి ముందు అరచేతిని మెల్లగా ఆడిస్తాడు. గాలి తగిలితే చూపు లేని గుర్రం కూడా రెప్ప కొడుతుంది కాబట్టి గాలి పుట్టకుండా ఆడించాలి. రెప్ప పడింది. చూపు ఉంది.

“ఆ తలుపు ముయ్యి చాచా.”

చీకట్లో టార్చి వెలుగుతుంది. నేల మీద తిరిగే జంతువుల్లో గుర్రానివంత పెద్ద కళ్లు తక్కువ. టార్చి వెలుగులో ఆ కన్ను ఒక గదిలా లోతుగా కనిపిస్తుంది. కనుపాప అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది. దాని పై అంచున నల్లటి బుడిపెలు కొన్ని. కంతి లేచిందని భయపడి గుర్రాన్ని తోలుకొచ్చేవాళ్లున్నారు. అవి పుట్టుకతో వచ్చినవే, ఎండ పొడకు అడ్డం. వాటి ముందు నల్లగుడ్డు మీద నీలపు మబ్బు కమ్మింది. పల్లెల్లో పువ్వు పూసిందనేది దీన్నే.

ఇప్పుడు పొడుగాటి నారింజరంగు కాగితం ముక్కను తడిపి కంటికి తాకిస్తాడు. గుడ్డు పైపొర ఎక్కడైనా గీరుకుపోయి ఉంటే రంగు అక్కడ పట్టి, నీలి వెలుతురులో పచ్చగా మెరుస్తుంది. ఎక్కడా మెరవలేదు. పటాకి రవ్వ కాదు, కుచ్చులూ కాదు.

టార్చి మళ్లీ పక్కనుంచి. అప్పుడు కదిలింది.

మబ్బు వెనక, కనుపాప ముందు, తెల్లటి దారం. మెలి తిరిగింది, విప్పుకుంది, కిందికి జారి మళ్లీ ఈదుతూ పైకొచ్చింది. మీ చెయ్యి మీకు తెలియకుండానే చాచా భుజం మీదికి పోతుంది.

“యా అల్లా, పాము!”

పాము కాదు, సెటేరియా అనే పురుగు. దాని అసలు ఇల్లు గోడ అవతల కట్టేసిన ఎడ్ల కడుపు. అక్కడ పెద్ద పురుగులు పేగుల చుట్టూ ఊరికే బతికేస్తాయి, ఎద్దుకు సాధారణంగా ఏమీ కాదు. వాటి పిల్లలు నెత్తుట్లో తిరుగుతుంటాయి. దోమ ఎద్దును కుట్టి వాటిని తాగుతుంది. కొన్నాళ్లకు దోమలోనే అవి ఎదుగుతాయి. ఆ దోమ గుర్రాన్ని కుడితే పురుగు తనది కాని ఒంట్లో పడి దారి తప్పుతుంది. వెన్నుపాములోకి పోతే నడుము పడిపోయే కుమ్రి జబ్బు, కంట్లోకి వస్తే ఇదిగో ఇది. నీళ్లు, వరి, పశువులు, గుర్రం ఒక్కచోట ఉంటే ఈ ముడి పడే వీలుంది. ఎడ్లను దూరంగా కట్టెయ్యడం, సాయంత్రం పొగ వెయ్యడం, దోమతెర కట్టడం తప్ప చాచా చేతిలో పెద్దగా ఏమీ లేదు.

“మందేస్తే లోపట్నే సచ్చిపోదా సారూ?”

“సచ్చి లోపట్నే ఉంటది. కన్ను ఇంకింత మండుతది. తీసెయ్యాలె.”

గుర్రాన్ని ఎక్కించుకుని డీసీఎం వ్యాను జగిత్యాల మీదుగా కోరుట్ల పశువైద్య కళాశాల దారి పట్టింది. దారిలో డాక్టరు ఫోను మోగింది. అవతల ఆదిలాబాద్ నుంచి ఇంకో గుర్రపాయన. రెండ్రోజులుగా కన్ను మూస్తోందట, పువ్వు పడిందట. మొదట ఎవరో ఉప్పు నమిలి ఉమ్మమన్నారు, ఉమ్మారు. తర్వాత ఇంట్లో మిగిలిన మనుషుల కంటి ట్యూబు పూశారు. ట్యూబు పేరు విని డాక్టరు ముఖం మారింది. అందులో స్టెరాయిడ్ ఉంది.

“ఇప్పుడే బంద్ చెయ్యి భయ్యా. చీకట్ల కట్టెయ్యి. నిర్మల్ దాటి, గోదారి దాటి సక్కగ కోరుట్లకే రా. రేపు కాదు, ఇయ్యాల.”

ఫోను పెట్టేసి మీకు చెబుతాడు. గుడ్డు మీద పుండుంటే స్టెరాయిడ్ దాన్ని మాననివ్వదు. బూజు పట్టిన పుండైతే మరీ పెరుగుతుంది. గుర్రం నల్లగుడ్డు మందం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ అంతే. అది కరగడం మొదలైతే ఒక్క రాత్రి చాలు. అలాంటప్పుడు ఆ గుర్రం నెత్తురే తీసి, గడ్డ కట్టాక పైన తేలిన సీరాన్ని చుక్కల మందుగా గంట గంటకూ వేస్తారు. కరిగించే ఎంజైములను అది అడ్డుకుంటుంది.

కోరుట్లలో గుర్రాన్ని ఇనుప చట్రంలో నిలబెట్టారు. మెడ నరంలో మత్తు ఎక్కగానే తల బరువెక్కి వాలింది. చెవి ముందు ఇంకో సూది, రెప్ప కొట్టకుండా. కంట్లో తిమ్మిరి చుక్కలు, పల్చటి అయోడిన్ కడుగు. పురుగు ముందుకు ఈదుకుంటూ వచ్చేదాకా అందరూ ఆగారు. నల్లగుడ్డు తెల్లగుడ్డును కలిసే అంచున సూది దిగింది. లోపలి నీరు చివ్వున ఎగజిమ్మింది, దాంతోపాటే దారం. గాజు పలక మీద అది ఇంకా మెలి తిరుగుతోంది. సూది రంధ్రం కుట్టు అక్కర్లేకుండా తనంతట తానే పూడుతుంది.

మబ్బు ఇంకా ఉంది. అది తేలడానికి వారాలు పడుతుంది. కనుపాప విప్పారి ఉండటానికి అట్రోపిన్ చుక్కలు రాసిచ్చారు. దాంతో పేగులు మందగించి కడుపునొప్పి రావచ్చు. అందుకే లద్దె సరిగా వేస్తోందో లేదో రోజూ చూసుకొమ్మని చాచాకు మరీ మరీ చెప్పారు. దుమ్ము, ఎండ, డీజే లైట్లు వద్దు. కుచ్చుల తెర అసలే వద్దు.

బండెక్కేలోపే చాచా ఫోను మోగుతుంది. ఎల్లుండి బరాత్. అడ్వాన్సు ఇచ్చినవాళ్లు. తెల్ల గుర్రమే కావాలట.

“గుర్రం రాదు బిడ్డా, దవఖానల ఉన్నది. అడ్వాన్స్ వాపస్ ఇస్త.” అవతల గొంతు పెరిగింది. చాచా గొంతూ పెరిగింది. “గోధుమ రంగు గుర్రం ఉన్నది, అది నచ్చకుంటే కారు మాట్లాడుకోండ్రి. పూలు కట్టుకొని పోండ్రి.”