గళ్ల చొక్కా మీద చారల టై

ఉదయం ఎనిమిది గంటలకు నాగాయలంక సెంటర్లో నిలబడితే ప్రైవేటు స్కూళ్ల వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. లోపల పిల్లలకు గళ్ల చొక్కాలు, మెడలో చారల టైలు. ఆ టైకి ముడి పిల్లవాడు వేసుకున్నదీ కాదు, తల్లి వేసిందీ కాదు. కుట్టినప్పుడే ముడేసి పంపుతారు. వెనక ఎలాస్టిక్, ఒక కొక్కెం. మార్చి దాటితే ఆ ఎలాస్టిక్ కింద చెమటకాయలు లేస్తాయి. సముద్రం ఇంత దగ్గరున్న ఊళ్లో మెడకు గుడ్డ బిగించాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, గళ్ల మీద చారలు వేయాలన్న ఆలోచన మాత్రం లండన్ దర్జీలను తర్జనభర్జనలో పడేసింది. ఆఫీసుకు వెళ్లే మగవాడు డిజైనున్న చొక్కా మీద డిజైనున్న టై కట్టుకోవచ్చా, కట్టుకుంటే ఎలా జత కలపాలి అన్నది అక్కడ పెద్ద చర్చ. మన స్కూళ్లు చర్చేమీ లేకుండా తేల్చిపారేశాయి.

టై పుట్టింది మాత్రం ఆఫీసులో కాదు, సైన్యంలో. 1618 నుంచి 1648 దాకా యూరప్‌లో సాగిన ముప్ఫయ్యేళ్ల యుద్ధంలో ఫ్రాన్సు పక్షాన పోరాడిన క్రొయేషియా సిపాయిలు మెడకు గుడ్డ చుట్టుకునేవారు. అది పారిస్ దొరలకు నచ్చింది. పద్నాలుగో లూయీ కొలువులో ఆ గుడ్డకు లేసులు చేరాయి. 1692లో స్టీన్‌కెర్క్ యుద్ధంలో సరిగా కట్టుకునే తీరిక లేక ఫ్రెంచి అధికారులు దాన్ని ఎలాగో మెలిపెట్టి కోటు బొత్తాం సందులో దోపుకున్నారట. ఆ తొందరపాటే కొంతకాలం ఫ్యాషనైంది. ఇక్కడిదాకా మెడగుడ్డ తెల్లగానే ఉంది. చొక్కా కూడా తెలుపే. 19వ శతాబ్దం చివరిదాకా పెద్దమనిషి చొక్కా అంటే తెల్లచొక్కా. చారల చొక్కా తొడిగితే మురికి కనపడకుండా వేసుకున్నాడని అనుమానించేవారు. అందుకే చారల చొక్కాలు వచ్చాక కూడా కాలరు, మణికట్టు పట్టీలు తెల్లగానే ఉంచి, అవి తీసి ఉతుక్కునేలా కుట్టించుకున్నారు.

మరి ఆ తెలుపులోకి పువ్వులు, మామిడి పిందెలు, గళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? కొన్ని మన కృష్ణా కరకట్ట పక్కనుంచే వెళ్లాయి.

మచిలీపట్నం గోల్కొండ కుతుబ్‌షాహీల ప్రధాన రేవు. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు వచ్చారు, 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషువారు వచ్చారు. వాళ్లకు ముందే పర్షియా వర్తకులు ఇక్కడ పాతుకుపోయారు. వాళ్లందరూ అడిగింది గుడ్డలనే. అందుకు కారణాల్లో ఒకటి ఎరుపు. డెల్టా ఇసుకనేలల్లో, సముద్రపు గవ్వలు చితికి కలిసిన చోట చిరివేరు అనే చిన్న మొక్క పెరిగేది. దాని వేరులో దొరికే ఎరుపు ఉతికినా పోదు, ఎండకూ వెలవదు. నిజాంపట్నం వైపు దొరికే వేరుకు ఆ రోజుల్లో ఎంత పేరంటే, ఆ ఊళ్లో ఇంగ్లీషువారు కోఠీ పెట్టడానికి అదీ ఒక ఆకర్షణే. అప్పట్లో ఆ ఊరిని పెదపల్లి అనేవారు. విదేశీయుల రాతల్లో పేటపోలి అయింది.

ఆ ఎరుపు గుడ్డ మీదకు వచ్చే తీరు ఈనాటికీ బందరు పక్క పెడనలో, కలంకారీ అద్దకంలో చూడొచ్చు. ముందు గుడ్డను కరక్కాయ రసంలో ముంచి ఆరబెడతారు. గుడ్డ లేత పసుపు గోధుమరంగుకు తిరుగుతుంది. నలుపు రావలసిన చోట ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన ద్రావణాన్ని టేకు అచ్చుతో అద్దుతారు. అద్దిన క్షణంలోనే కరక్కాయ తగిలి నల్లబడుతుంది. ఎరుపు సంగతి వేరు. దానికి పటిక నీళ్లు అద్దుతారు. అద్దినచోట ఏమీ ఉండదు, తడి ఆరితే చిన్న మరక, అంతే. పారే నీళ్లలో ఉతికి, ఎరుపు రంగుతో కలిపి రాగి కాగులో మరిగిస్తే, అప్పుడు పటిక ఉన్నంత మేరా ఎరుపు తేలుతుంది. లేనిచోట నీళ్ల రంగు నిలవదు, ఉతుకులో పోతుంది. కర్రతో గుడ్డను తిప్పుతూ కాగు మీదికి వంగి చూసే మనిషికి, ముందురోజు తను ఎక్కడ అద్దాడో అప్పుడు గానీ కనిపించదు.

ఈ గుడ్డల మీద మోజు యూరప్‌లో ఎంత పెరిగిందంటే, అక్కడి నేతగాళ్లు పొయ్యి మీద కూడు కరువైందని రోడ్డెక్కారు. 1686లో ఫ్రాన్సు అద్దకం గుడ్డలను నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా ఉంది. ఇంగ్లండు 1700లో దిగుమతిని అడ్డుకుంటూ చట్టం చేసింది, 1721లో ధరించడాన్నే చాలామటుకు నేరం చేసి, 1774లో ఎత్తేసింది. ఈ మధ్యకాలంలో వాళ్లు ఖాళీగా కూర్చోలేదు, అద్దకం నేర్చుకున్నారు. తర్వాత యంత్రాలు వచ్చాయి. మన మామిడి పిందె, అంటే కాశ్మీరు శాలువ మీది పిందె, స్కాట్లండులోని పెయిస్లీ పట్టణం మగ్గాల మీదకెళ్లి ఆ ఊరి పేరుతోనే స్థిరపడింది. ఇవాళ హైదరాబాదు మాల్‌లో ‘పెయిస్లీ టై’ అని చూపించే దాని మీద ఉన్నదీ, పెడన దుప్పటి మీద ఉన్నదీ ఒకే పర్షియా చెట్టుకు కాసిన కాయలు. ధరలో మాత్రం ఆ దుప్పటి ఒక టైకి చాలదు.

గళ్ల కథ కొంచెం దక్షిణంగా నడుస్తుంది. పులికాట్, చీరాల ప్రాంతాల గళ్ల రుమాళ్లు ఆఫ్రికా పడమటి తీరం దాకా వెళ్లేవి. నైజీరియాలో కలబారీ జనం ఆ గుడ్డను పుట్టుక నుంచి చావు దాకా శుభాశుభాలకు కట్టుకుంటారు. 1958లో న్యూయార్కులో బ్రూక్స్ బ్రదర్స్ కంపెనీ ‘మద్రాస్ చెక్స్’ చొక్కాలు కుట్టి అమ్మింది. ఉతకగానే రంగులు ఒకదాంట్లోకి ఒకటి పారాయి, కొన్నవాళ్లు లబోదిబోమన్నారు. కంపెనీ వెనక్కి తగ్గకుండా, రంగు వెలవడమే దీని గొప్పదనమని ప్రచారం చేసి మరింత అమ్ముకుందని బట్టల వ్యాపారంలో ఇప్పటికీ చెప్పుకునే కథ. దివిసీమలో ఇవే గళ్లు లుంగీగా వలల మీదా రొయ్యల చెరువు గట్ల మీదా కనబడతాయి. లుంగీతో బ్యాంకుకు వెళ్తే మేనేజరు ఎగాదిగా చూస్తాడు. అదే గుడ్డను చొక్కాగా కుట్టించుకుని వెళ్తే కూర్చోమంటాడు.

గళ్లూ చారలూ కలిపి ఒంటిమీద వేసుకోవచ్చని లోకానికి నచ్చజెప్పిన ఘనత చాలావరకు ఒక్కడిదే. ఆయన అప్పటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్, తర్వాత ఎనిమిదో ఎడ్వర్డు, సింహాసనం వదులుకున్నాక డ్యూక్ ఆఫ్ విండ్సర్. గళ్ల కోటు, చారల చొక్కా, బుటాల టై ఒకేసారి వేసుకుని ఫొటోలు దిగేవాడు. బట్టల గురించి 1960లో ఒక పుస్తకమే రాశాడు. ఆయన పేరుతో చలామణీ అయ్యే విండ్సర్ ముడిని ఆయన ఎప్పుడూ వేయలేదట. టై లోపల మందమైన గుడ్డ పెట్టించుకుంటే మామూలు ముడే లావుగా కనబడేది. ఈయన మన దేశానికి వచ్చింది ఎప్పుడో తెలుసా? 1921 నవంబరు 17న బొంబాయి రేవులో దిగాడు. అదే రోజు ఆ ఊళ్లో గాంధీగారి సమక్షంలో విదేశీ వస్త్రాలు తగలబెట్టారు. ఆ గాంధీగారే 1888లో లండన్‌లో చదువుకునేటప్పుడు నిలువుటద్దం ముందు రోజూ పది నిమిషాలు టై సవరించుకోవడానికి ఖర్చుపెట్టేవాణ్నని ఆత్మకథలో రాసుకున్నారు.

అప్పుడు మచిలీపట్నం, అంటే మన బందరు గాలి కూడా టైకి ఎదురుగానే వీస్తోంది. కోపల్లె హనుమంతరావు పూనికతో 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువుతో పాటు నేత కూడా నేర్పేవారు. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చేసొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అక్కడ పనిచేశాడు, తర్వాత చీరాల వెళ్లి చీరాల–పేరాల ఉద్యమం నడిపాడు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యను పత్తి మీద చేసిన కృషి వల్ల పత్తి వెంకయ్య అనేవారు. 1923లో పట్టాభి సీతారామయ్య బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టేనాటికి ఆయన ఒంటి మీద ఖద్దరే. కోర్టు ప్లీడర్లకు ఎలాగూ నల్లకోటు, తెల్ల మెడపట్టీ ఉన్నాయి. జత కుదిరిందా లేదా అన్న బెంగ లేని ఉద్యోగం అదొక్కటే. ఆ తర్వాత ఈ వైపు టై కట్టుకుని తిరిగిన వాళ్లు ఎక్కువగా మెడికల్ రెప్‌లు. అవనిగడ్డ బస్సులో తోలుబ్యాగు ఒళ్లో పెట్టుకుని, లేతరంగు చొక్కా మీద ముదురు చారల టై, వక్కపొడి పొట్లంలా చిన్న ముడి. బస్సు దిగి డాక్టరు గది ముందు బిగించుకునేవాళ్లు, బయటికొచ్చి వదులు చేసుకునేవాళ్లు.

ఇక జత కలిపే విద్య. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని బ్రహ్మవిద్యలా చెబుతాయి గానీ, మన ఆడవాళ్లకు ఇది బజారు పని. ఏ ఊళ్లోనైనా మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లి చూడండి. టూ బై టూ రూబియా తానులు నేల నుంచి కప్పు దాకా. ఆవిడ సంచిలోంచి చీర తీసి కొంగు కాదు, అంచు పరుస్తుంది. కొట్టువాడు నాలుగు తానులు లాగుతాడు. ట్యూబులైటు మోసం చేస్తుందని తెలుసు కనక, చీర అంచునూ తాను చివరనూ పట్టుకుని గడప దాకా వచ్చి ఎండలో చూస్తుంది. చీరలో తక్కువగా ఉన్న రంగును పట్టుకుని జాకెట్టును దానికి కలుపుతుంది. చీర నిండా చిన్న బుటా ఉంటే జాకెట్టు మీద పెద్ద పువ్వు. రెండూ ఒకే సైజైతే కళ్లు చెదురుతాయంటుంది. చొక్కాకీ టైకీ ఇంతకుమించి సూత్రం లేదు. చొక్కా మీద సన్న గళ్లుంటే టై మీద వెడల్పు చార. చొక్కాలో మరుగున ఉన్న రంగు టైలో ముందుకు రావాలి. టై చొక్కా కన్నా ఒక మెట్టు ముదురుగా ఉండాలి.

దర్జీ పనిలోనూ అంతే. 1920ల్లో న్యూయార్కు వ్యాపారి జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ టై గుడ్డను నిలువుగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా మూడు ముక్కలుగా కోసి కుట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. టై మెలిపడకుండా నిలువుగా వేలాడటానికి అదే కారణం. మన దర్జీలు జాకెట్టుకు దాన్నే క్రాస్ కట్ అంటారు. గుడ్డ సాగుతుంది, ఒంటికి అమరుతుంది. కాకపోతే గుడ్డ ఎక్కువ పడుతుంది.

అసలు ఈ జత గొడవ ఎప్పుడు మొదలైందో నాకు తోచింది చెబుతాను. పాత కలంకారీ గుడ్డలు నాలుగు తీసి ఒకదాని మీద ఒకటి వేయండి, ఏదీ ఏదానితోనూ కొట్టుకోదు. చిరివేరు ఎరుపు, ఇనుము నలుపు, నీలిమందు నీలం, అన్నిటి కింద కరక్కాయ గోధుమ. రంగులే నాలుగైదు, అవన్నీ ఒకే కుండలోంచి వచ్చినట్టుంటాయి. 1856లో విలియం పెర్కిన్ తారులోంచి ఊదారంగు తీశాడు. 1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబె, లీబర్‌మన్ వేర్లలోని ఎరుపును ప్రయోగశాలలోనే తయారుచేశారు. అదే అలిజరిన్. ఆ శతాబ్దం ముగిసేలోపే నీలిమందు కూడా ఫ్యాక్టరీలోంచి వచ్చింది. వందల రంగులొచ్చాయి, వాటితోపాటు ఏ రంగుకు ఏది నప్పుతుందన్న బెంగ వచ్చింది. చిరివేరు తవ్వకం ఆగిపోయింది. యూరప్ అనుకరించిన ఎరుపు డబ్బాలో పొడిగా బందరుకు తిరిగొచ్చి పెడన కాగుల్లో పడింది.

కాబట్టి ఈ తీరం నుంచి హైదరాబాదు కొలువుకు వెళ్తూ టై తప్పదన్న కుర్రాడికి సలహా అంటూ ఇస్తే: చొక్కా సన్న గళ్లది, పాలిపోయిన నీలమో తెలుపో ఉన్నది, టై కలంకారీ గుడ్డదే దర్జీ చేత క్రాస్‌లో కోయించుకోవచ్చు. నూలు గుడ్డకు విండ్సర్ ముడి వేస్తే గొంతు కింద గుమ్మడికాయ అవుతుంది, ఒకే చుట్టు ముడి చాలు. లోపల పెట్టే కాన్వాసును ముందే ఒకసారి తడిపి ఆరబెట్టమని దర్జీకి చెప్పాలి, లేదంటే మొదటి ఉతుకులోనే లోపలి గుడ్డ ఒక కొలతా పైగుడ్డ ఒక కొలతా అయి టై ముడుచుకుపోతుంది.