ట్యాగులొచ్చాయి, చీరలు జాగ్రత్త!

"అత్తా, కొట్లో చీరలకి ట్యాగులు కొంటున్నాను. బార్‌కోడు కాదు, రేడియోవి. మూట విప్పకుండానే లోపల ఎన్ని చీరలున్నాయో చెప్పేస్తాయి" అన్నాడు మా అన్నయ్య కొడుకు, కాఫీ గ్లాసు అందుకుంటూ. విజయవాడలో వాడికి చీరల కొట్టుంది. పదివేలు ఒక్కసారే తీసుకుంటే చవగ్గా ఇస్తానన్నాట్ట అమ్మేవాడు.

ఆ 'ఒక్కసారే' అన్న మాట వినగానే నాకు గుబులు పుట్టింది. బి.ఏ. చదివినదాన్ని, రేడియో తరంగాల సంగతి నాకేం తెలుసంటారా? ఓ నవల్లో గూఢచారి కోసం వెతుకుతుంటే దొరికిందీ కథ.

1945లో సోవియట్ బడిపిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారి హారిమన్‌కి చెక్కతో చేసిన అమెరికా ముద్రని కానుకిచ్చారు. ఆయన ముచ్చటపడి ఇంట్లో గోడకి తగిలించుకున్నాడు. తీరాచూస్తే దాని కడుపులో ఓ చెవి! బ్యాటరీ లేదు, తీగ లేదు. బయట్నించి రేడియో తరంగాలు పంపితే మేలుకుని గదిలో మాటలు చేరవేసేది. లేకపోతే చచ్చినట్టు పడుండేది. 1952 దాకా ఎవరూ పసికట్టలేదు. చేసినవాడు లెవ్ థెరెమిన్. మావాడు కొనబోయే బ్యాటరీ లేని ట్యాగుకి అది ముత్తాత వరస.

గూఢచారి విద్య కొట్లోకి రావడం వెనక ఓ లిప్‌స్టిక్ ఉంది. 1997 ప్రాంతాల ఇంగ్లండులో ప్రాక్టర్ అండ్ గాంబుల్ ఉద్యోగి కెవిన్ ఆష్టన్‌కి ఒకటే చింత. ఫలానా గోధుమరంగు లిప్‌స్టిక్ కొట్లో ఎప్పుడు చూసినా ఉండదు, గిడ్డంగిలో మాత్రం ఉందంటారు. (కావలసిన రంగు ఎప్పుడూ దొరకదని ఆడవాళ్ళనడిగితే ముందే చెప్పేవాళ్ళం!) 1999లో అమెరికాలో ఎం.ఐ.టి.లో ఆటో-ఐడి సెంటర్ వెలిసింది. ట్యాగు ఐదు సెంట్లకి దిగాలన్నది వాళ్ళ ఆశ.

అది దిగకముందే, 2003లో వాల్‌మార్ట్ హుకుం జారీచేసింది. తనకి సరుకు పంపే పెద్ద వర్తకులు నూరుమందీ 2005 జనవరికల్లా పెట్టెలకి ట్యాగులు అంటించాలని. లాభం వాల్‌మార్ట్‌ది, ఖర్చు వీళ్ళది. కొందరు లారీకెక్కించే ముందు అంటించేసి చేతులు దులుపుకున్నారు. పైగా అప్పటి ట్యాగుల్లో రెండు జాతులు, ఒకదాని భాష రెండోదానికి పట్టదు. 2004 డిసెంబరులో 'జెన్ 2' అనే ఉమ్మడి పద్ధతి ఖాయమయ్యాక, తొందరపడి కొన్నవాళ్ళ సరుకు పాతబడిపోయింది.

అప్పుడే ఇంకో సంగతీ అనుభవంలోకి వచ్చింది. సీసాలో నీళ్ళు ఆ తరంగాల్ని మింగేస్తాయి. రేకుడబ్బా తిప్పికొడుతుంది. అంచేత ట్యాగు ఎంతకొస్తుందో కాదు, దేనికి అంటిస్తామో ముందు చూసుకోవాలి. పశువుకైతే 134.2 కిలోహెర్ట్‌జ్, లైబ్రరీ పుస్తకానికి 13.56 మెగాహెర్ట్‌జ్. ఇవి దగ్గర్నుంచే పలుకుతాయి. దూరంనుంచి గుట్టమొత్తం లెక్కపెట్టాలంటే మన దేశంలో 865 మెగాహెర్ట్‌జ్ పైన. కారు అద్దం మీది ఫాస్టాగ్ ఈ కోవలోదే.

"పట్టుచీర జరీలో వెండి ఉంటుంది కదరా, మరి?" అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు. "అమ్మేవాడు ఈ మాట అనలేదే!"

"అతనికి చీరల కొట్టు లేదుగా. పదివేల మాట తర్వాత. ముందో వంద తెచ్చి మడతల మధ్య పెట్టి, ఎన్ని పలుకుతాయో చూడు. జెన్ 2వో కావో కూడా అడుగు."

రేపు ఓ మంచి జరీచీర ఇక్కడికే పట్టుకురమ్మన్నాను, ఇద్దరం కలిసి పరీక్షిద్దామని. పరీక్ష అయ్యాక చీర తిరిగిస్తానని మాత్రం నేననలేదు.