కాకినాడ ప్రయోగం

చిన్న వ్యాపారికి శిక్షణ ఇస్తే అతను కొత్త పెట్టుబడి పెట్టి నలుగురికి పని చూపిస్తాడా అన్నది తేల్చడానికి 1964లో మొదలైన పరిశీలన ఇది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెల్లండ్ దీన్ని నడిపించాడు. హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్ దీనికి వేదికైంది.

అప్పటికి చిన్న పరిశ్రమలకు ప్రభుత్వ సాయమంటే షెడ్డు, అప్పు, వాయిదాల మీద యంత్రం. 1955లో ఏర్పడిన జాతీయ చిన్న పరిశ్రమల కార్పొరేషన్ అలా వాయిదాల మీద యంత్రాలు ఇచ్చేది. వీటన్నిటి కంటే సాధించాలన్న తపన ముఖ్యమని మెక్లెల్లండ్ వాదం.

కాకినాడ నుంచి యాభై మందికి పైగా వ్యాపారులు జట్లుజట్లుగా హైదరాబాద్ వచ్చి, పదేసి రోజులు అక్కడే ఉండి శిక్షణ పొందారు. బొమ్మ చూసి కథ రాయడం అందులో ఒక భాగం. తిరునాళ్లలోలా రింగులు విసిరే ఆట ఇంకొకటి. ఎంత దూరంలో నిలబడాలో ఆడేవాడి ఇష్టం. మరీ దగ్గరైతే పందెంలో పసలేదు, మరీ దూరమైతే అంతా అదృష్టమే. గురి కుదిరేటంత దూరాన్ని ఎంచుకునేవాడిలో వ్యాపార లక్షణం ఉందని పరిశోధకుల లెక్క. తర్వాత వెల్లూరు వ్యాపారులకూ శిక్షణ ఇచ్చారు. పోలికకు రాజమండ్రి వ్యాపారులను తీసుకున్నారు.

ఫలితాలను మెక్లెల్లండ్, డేవిడ్ వింటర్ 1969లో పుస్తకంగా వెలువరించారు. శిక్షణ ముగిశాక రెండేళ్లలో, అది పొందినవారిలో సుమారు సగం మంది చురుగ్గా కొత్త పనులు చేపట్టారు. పొందనివారిలో అది పావు వంతే. కులాచారాలు, సంప్రదాయ విశ్వాసాలు దీనికి అడ్డురాలేదు. అడ్డంకి అంతా పెత్తనం దగ్గరే వచ్చింది. సొంతంగా నిర్ణయం తీసుకోగలిగినవారికే శిక్షణ బాగా అక్కరకొచ్చింది. గల్లాపెట్టె తండ్రి చేతిలో ఉంటే కొడుకు తపన ఏం చేస్తుంది? ఈ ప్రయోగాన్ని పొగిడేవారు ఈ ముక్కను తరచూ వదిలేస్తారు.

1970ల నుంచి గుజరాత్‌లో విస్తరించిన పారిశ్రామికవేత్తల శిక్షణకు ఈ అనుభవం దారి చూపింది. అహ్మదాబాద్‌లో 1983లో ఇందుకోసమే ఒక జాతీయ సంస్థ వెలిసింది. సియెట్ నేడు నిమ్స్‌మేగా యూసుఫ్‌గూడలో పనిచేస్తోంది. అయితే చిన్న వ్యాపారికి శిక్షణ ఒక్కటే చాలదు. తపన ఎంతున్నా, అమ్మిన సరుకు బిల్లు డబ్బు చేతికి రాకపోతే కూలి ఇవ్వడానికి డబ్బు పుట్టదు. ఆ చిక్కును పట్టించుకున్నది 2006 నాటి చట్టం. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవారు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలని అది నిర్దేశించింది.