ఖాళీ కబురు: తెలుగునాట ఉద్యోగ వేట నడిచిన దారి

పంతొమ్మిదో శతాబ్ది చివర్లో గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి రంగూన్ వెళ్లిన కూలీకి పని వెతుక్కునే అవసరం పడలేదు. మేస్త్రీయే ఊళ్లోకి వచ్చి, చేతిలో అడ్వాన్సు పెట్టి, ఓడ ఎక్కించేవాడు. రంగూన్ రేవులో, ధాన్యం మిల్లుల్లో పని ఎక్కడుందో తెలిసినవాడు అతడే. అందుకే కూలీ డబ్బులో కోత కోసే అధికారమూ అతడిదే అయింది.

చదువుకున్నవారి పరిస్థితి దీనికి మరీ దూరం కాదు. కలెక్టరు కచేరీలో గుమాస్తా పని కావాలంటే ముందు ఉమేదువారుగా చేరి, జీతం లేకుండా కాగితాలు రాస్తూ ఖాళీ కోసం కాచుకోవాలి. లోపల బంధువో కులంవాడో ఉంటే కాచుకునే కాలం తగ్గేది. ఈ పలుకుబడి మీద దెబ్బ వేసే ప్రయత్నాలు 1920లలో మొదలయ్యాయి. జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1921లో, కొలువుల్లో వివిధ వర్గాలకు చోటు కోరే కమ్యూనల్ జీ.ఓ. ఇచ్చింది. మద్రాసు సర్వీస్ కమిషన్ 1929లో ఏర్పడింది. దేశంలో ఒక రాష్ట్రానికి అలాంటి కమిషన్ రావడం అదే మొదలు. నిజాం రాజ్యంలో వేట మరో తీరున సాగింది. 1919 నాటి ఫర్మానా ప్రకారం అక్కడ ముల్కీగా, అంటే స్థానికుడిగా రుజువు చేసుకోవడమే తొలి మెట్టు.

సిఫారసు చేసేవారు లేని మనిషికి మొదటి ఆసరా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజ్. సైన్యం నుంచి విడుదలయ్యేవారికి పని చూపడానికి 1945లో వీటిని తెరిచారు, 1948లో అందరికీ అనుమతి ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నవంబరు 1వ తేదీనే వీటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. 1959 చట్టం ప్రభుత్వ సంస్థలతో పాటు 25 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా ఖాళీలను ఎక్స్‌ఛేంజ్‌కు తెలపాలంది. తెలపాలంది గానీ, అక్కడి నుంచి వచ్చినవారినే తీసుకోవాలనలేదు. వ్యవసాయం, ఇంటిపని, మూడు నెలల లోపు కొలువులు చట్టానికి బయటే ఉండిపోయాయి. ప్రైవేటు యజమానుల విషయంలో చట్టం కాగితం మీదే మిగలడానికి ఈ లోపాలు చాలు.

ప్రభుత్వోద్యోగాల్లో మాత్రం ఎక్స్‌ఛేంజ్ కార్డు చాలాకాలం చెల్లింది. పదో తరగతి కాగానే పేరు నమోదు, గడువు తప్పకుండా రెన్యూవల్, టైపు లోయర్, హయ్యర్ పాసైతే ఆ అర్హత చేర్పించడం. ఒక్క రెన్యూవల్ మరిచినా ఏళ్ల తరబడి కూడిన సీనియారిటీ పోయేది. వేట అంటే అప్పట్లో ఓపికగా కాగితాలు పోగేయడమే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు వాటికి మరొకటి కలిపాయి. స్థానికుడని తేల్చడానికి చదివిన ఊరు లెక్కకు రావడంతో, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు దాచుకోవడం ప్రతి ఇంటి అలవాటైంది.

ఎక్స్‌ఛేంజ్ పట్టు సడలించిన తీర్పు కూడా తెలుగు గడ్డ మీది వివాదం నుంచే వచ్చింది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. ఎక్స్‌ఛేంజ్ పంపిన పేర్లతో సరిపెట్టుకోకుండా పత్రికల్లో ప్రకటించాలని, దరఖాస్తు చేసిన వారందరినీ పరిగణించాలని చెప్పింది. న్యాయమైన తీర్పే. అయితే వరుసలో నిలబడి ఏళ్లు గడిపినవారి సీనియారిటీకి ఆ తర్వాత పెద్దగా విలువ లేకుండా పోయింది. వేట నోటిఫికేషన్ వైపు, పరీక్ష వైపు తిరిగింది. గ్రూప్స్‌కు హైదరాబాద్ అశోక్‌నగర్, డీఎస్సీకి అవనిగడ్డ, బ్యాంకు పరీక్షలకు నంద్యాల పేరుమోశాయి. ఇల్లు వదిలి, గది అద్దెకు తీసుకుని, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకుండానే రెండు మూడేళ్లు చదవడం ఒక జీవన విధానంగా స్థిరపడింది. ఖర్చంతా అభ్యర్థిదే కాబట్టి, ఆగగలిగే స్తోమత కూడా చెప్పని అర్హతగా మారింది.

ప్రైవేటు రంగం ఇంకో దారి పట్టింది. ఉద్యోగ ప్రకటనల వెబ్‌సైటు నౌకరీ డాట్ కామ్ 1997లో మొదలైంది, మరుసటి ఏడాదే హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరుచుకుంది. అమీర్‌పేట శిక్షణ సంస్థలు కొద్ది నెలల్లో కోర్సు నేర్పి రెజ్యూమె రాసిపెట్టేవి. వెబ్‌సైట్ల వల్ల ఖాళీ కబురు ఒకేసారి ఎందరికో అందసాగింది. దాంతో ఒక్కో కొలువుకు దరఖాస్తులు కుప్పలుగా పడ్డాయి, వాటిని వడపోయడానికి కంపెనీలు సాఫ్ట్‌వేర్ పెట్టాయి. ఆ వడపోత దాటించే సులువైన మార్గం లోపలి ఉద్యోగి ఇచ్చే రెఫరల్. ఒకప్పుడు చాటున నడిచిన సిఫారసు ఇలా బోనస్ ఇచ్చే కంపెనీ పద్ధతిగా తిరిగొచ్చింది. అమెరికాలో తెలుగువారి కన్సల్టెన్సీలదీ పాత మేస్త్రీ పనే: క్లయింటును వెతికి పెట్టడం, బిల్లింగ్ రేటులో వాటా తీసుకోవడం.

ప్రభుత్వం 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ప్రారంభించింది. 1959 చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 సామాజిక భద్రతా కోడ్‌లో ఎక్స్‌ఛేంజ్‌ల స్థానాన్ని కెరీర్ సెంటర్లు తీసుకున్నాయి. సంస్థలు ఖాళీలు తెలపాలన్న నిబంధనను అందులోనూ ఉంచారు. అక్కడి నుంచి వచ్చినవారినే నియమించాలన్న మాట ఈసారి కూడా లేదు.