ఏడు సెకన్ల డ్రమ్ము, అందని రాయల్టీ

సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు కాకినాడ రేవు గురించో, 1953 నాటి ఆంధ్ర రాష్ట్రావతరణ గురించో రాద్దామనుకున్నాను. చివరికి రాస్తున్నది డి.జె. సంగీతం గురించి. మిత్రులు నవ్వుకోవచ్చు. వినాయక నిమజ్జనం ఊరేగింపులో మన కిటికీ రెక్కలు గడగడలాడించే ఆ మోతకీ, డెబ్బై దాటిన రెవెన్యూ గుమాస్తాకీ ఏమిటి సంబంధమని అడగవచ్చు. ఉంది. అది పింఛను సంబంధం. కాస్త ఓపికగా చదవమని మనవి.

గత వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి మా మనవడు వచ్చాడు. చదువు ఇంజనీరింగు, ధ్యాసంతా పాటల మీద. ఒక మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని ఏదో బాణీ కూరుస్తున్నాడు. నాకు నిద్ర పట్టక లేచి వెళ్లి, “మనిషి చెయ్యి పడని సంగీతం ఏం సంగీతంరా!” అన్నాను.

“మనిషి చెయ్యే తాతయ్యా. ఈ డ్రమ్ము వాయించినాయన 1969లో వాయించాడు. మీ కంటే కొంచెం పెద్దవాడు. దీన్ని వేల పాటల్లో వాడుకున్నారు. ఆయనకు మాత్రం ఒక్క పైసా రాలేదు.”

మిగతాది వినకపోయినా ఆ చివరి మాట చెవిన పడింది. ముప్పై ఏళ్లకు పైగా బిల్లులు చూసినవాణ్ణి. రావలసిన పైసా రాలేదంటే అది ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా ఉండలేను. ఆ తరువాత రెండు నెలల పాటు వాడి చేత వెతికించి, చదివించుకుని తెలుసుకున్న సంగతులు ఇవి.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ‘ది విన్‌స్టన్స్’ అనే చిన్న వాద్య బృందం ఉండేది. నాయకుడు రిచర్డ్ స్పెన్సర్. డ్రమ్ము వాయించేవాడు గ్రెగొరీ కోల్మన్. 1969లో వారు ‘కలర్ హిమ్ ఫాదర్’ అనే పాట రికార్డు చేశారు. అది పది లక్షలకు పైగా అమ్ముడుపోయి, మరుసటి ఏడాది స్పెన్సర్‌కు గ్రామీ బహుమతి కూడా తెచ్చింది. గ్రామఫోను రికార్డుకు రెండో వైపు కూడా ఏదో ఒకటి ఉండాలి కదా! ఆ ఖాళీ నింపడానికి చర్చిలో పాడుకునే పాత బాణీ ఒకటి తీసుకుని, గొంతు లేకుండా వాద్యాలతోనే వాయించి ‘ఆమెన్, బ్రదర్’ అని పేరు పెట్టారు. అది మరీ పొట్టిగా వచ్చింది. నిడివి పెంచడానికి మధ్యలో మిగతా వాద్యాలన్నీ ఆపి కోల్మన్ ఒక్కడే నాలుగు ఆవర్తాలు డ్రమ్ము వాయించాడు. సుమారు ఏడు సెకన్లు. మరుసటి సంవత్సరమే బృందం విడిపోయింది. ఆ రికార్డు రెండో వైపు సంగతి అందరూ మరచిపోయారు.

ఇక్కడ కొంచెం యంత్రాల సంగతి చెప్పాలి. 1980లో జపానుకు చెందిన రోలాండ్ కంపెనీ ‘టి.ఆర్. 808’ అనే డ్రమ్ము పెట్టెనూ, ఆ తరువాత ‘టి.బి. 303’ అనే మరో చిన్న పెట్టెనూ తయారు చేసింది. ఇంట్లో ఒంటరిగా గిటారు సాధన చేసుకునేవారికి పక్కవాద్యంగా ఉంటుందని రెండోదాని ఉద్దేశం. రెండూ సరిగా అమ్ముడుపోలేదు, కొన్నేళ్లకే ఉత్పత్తి నిలిపేశారు. పాత సామాను దుకాణాల్లో చవగ్గా దొరికేవి. అమెరికాలోని షికాగో, డెట్రాయిట్ నగరాల్లో చేతిలో డబ్బులేని నల్లజాతి కుర్రాళ్లు వాటిని కొని, కంపెనీ వారు ఊహించని పద్ధతిలో మీటలు తిప్పి కొత్త శబ్దాలు పుట్టించారు. షికాగోలో ఫ్రాంకీ నకుల్స్ రికార్డులు తిప్పిన ‘వేర్‌హౌస్’ అనే నాట్యశాల పేరు మీదనే ‘హౌస్’ సంగీతం అన్నారు. డెట్రాయిట్ వైపు వువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు స్నేహితులు చేసినది ‘టెక్నో’ అయింది. ఈనాడు ప్రపంచమంతా ఎలక్ట్రానిక్ నాట్య సంగీతం అని పిలిచే మర్రిచెట్టుకు ఇవే వేళ్లు.

అదే కాలంలో శాంప్లర్ అనే మరో యంత్రం వచ్చింది. ఏ రికార్డులోని ముక్కనైనా కత్తిరించి, దాచుకుని, వేగం పెంచి తగ్గించి మళ్లీ మళ్లీ మోగించవచ్చు. 1986లో డ్రమ్ము ముక్కలున్న పాత పాటలన్నీ ఏరి అమెరికాలో ఒక సంకలనం వేశారు. అందులో ‘ఆమెన్, బ్రదర్’ చేరింది. మొదట అమెరికాలోని ర్యాప్ పాటల వారు, 1990ల ఆరంభంలో బ్రిటన్ కుర్రాళ్లు దానిని పట్టుకున్నారు. బ్రిటన్‌లో ఆ ఏడు సెకన్లను వేగం పెంచి, ముక్కలు ముక్కలుగా కోసి, తిరగేసి అతికి ‘జంగిల్’ అనే సంగీతాన్ని, దాని నుంచి ‘డ్రమ్ అండ్ బాస్’ అనే శాఖనూ పుట్టించారు. ఒక మనిషి వాయించిన నాలుగు ఆవర్తాల మీద ఒక శాఖే నిలబడిందన్నమాట.

స్పెన్సర్‌కు ఈ సంగతి 1996 దాకా తెలియదు. అసలు టేపు మీ దగ్గర ఉందా అంటూ బ్రిటన్ నుంచి ఒక రికార్డు కంపెనీ వారు ఫోను చేసినప్పుడు తెలిసింది. అప్పటికి దావా వేసే గడువు దాటిపోయిందన్నారు. లిమిటేషన్ అనే మాట మన మిత్రులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఎంత న్యాయమైన క్లెయిము అయినా తేదీ దాటితే ఫైలు మూతపడుతుంది. పైగా అమెరికా కేంద్ర చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగులకు రక్షణ 1972 ఫిబ్రవరి 15 తరువాత చేసినవాటికే ఏర్పడింది. ఇది 1969 నాటిది.

కోల్మన్ 2006లో అట్లాంటా నగరంలో నిలువ నీడ లేని స్థితిలో మరణించాడు. తన వాయింపు అంత దూరం పోయిందని అతనికి బహుశా తెలియనే తెలియదని స్పెన్సర్ తరువాత చెప్పాడు. 2015లో బ్రిటన్‌లో కొందరు అభిమానులు పూనుకుని చందాలు పోగుచేసి 24,000 పౌన్లు స్పెన్సర్‌కు పంపించారు. అప్పటికి కోల్మన్ పోయి 9 ఏళ్లు. స్పెన్సర్ కూడా 2020లో కన్నుమూశాడు.

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. కోర్టులో గెలిచినా డబ్బు రికార్డు హక్కుదారుకూ, బాణీ కట్టినవారికీ వెళ్లేది, డ్రమ్ము వాయించినవానికి వాటా ఉండేదని చెప్పలేం. మన 1957 నాటి కాపీరైటు చట్టంలోనూ పాడేవారికి, వాయించేవారికి ప్రత్యేక హక్కు మొదట్లో లేదు. 1994 సవరణతో వచ్చింది. వ్యాపార వినియోగంలో వారికీ రాయల్టీ రావాలని 2012 సవరణ చెప్పింది.

మనకు పింఛను దయాధర్మం కాదనీ, చేసిన సేవకు వాయిదా వేసి ఇచ్చే ప్రతిఫలమనీ సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న చెప్పింది. ఏటా ఆ రోజున సభ పెట్టుకుంటున్నాం. రాయల్టీ కూడా నా లెక్కలో అలాంటిదే. వయసులో చేసిన పనికి, చెయ్యి వణికే కాలంలో అందవలసిన కూలి. నకలు కొట్టేవాడు దొంగిలించేది పాటను కాదు, పాట ఎక్కడికీ పోదు. పోయేది ఆ కూలి.

మా మనవడు దీనికి ఒప్పుకోలేదు. “ఆమెన్ ముక్క తీసుకోకపోతే జంగిల్ అనేదే లేదు తాతయ్యా. అదీ చర్చి పాట నుంచి వచ్చిందేగా?” అన్నాడు. వాడి మాటలో బలం ఉంది. సంగతి తీసుకుని కొత్తది అల్లడం మన త్యాగరాజ కీర్తనల పాఠాంతరాల దగ్గర నుంచి ఉన్నదే. అయితే అల్లడం వేరు, బిల్లు ఎగ్గొట్టడం వేరు.

బిల్లు ఎగ్గొట్టారని కోర్టుకెక్కినవారూ ఉన్నారు. జర్మనీలోని ‘క్రాఫ్ట్‌వెర్క్’ బృందం ఎలక్ట్రానిక్ సంగీతానికి తాతల వంటిది. వారి 1977 నాటి పాటలోని రెండు సెకన్ల శబ్దాన్ని 1997లో మరొకరు వాడుకున్నారు. 1999లో దావా మొదలైంది. జర్మనీ కోర్టులన్నీ తిరిగి, 2016లో రాజ్యాంగ న్యాయస్థానానికి, 2019లో ఐరోపా న్యాయస్థానానికి వెళ్లింది. చెవికి ఆనవాలు పట్టగలిగేలా ఉంటే ఎంత చిన్న ముక్కకైనా అనుమతి కావలసిందేనని ఐరోపా న్యాయస్థానం అన్నది. దానితోనూ కేసు తెగలేదు. రెండు సెకన్లకు రెండు దశాబ్దాలు! మన ట్రిబ్యునల్ కేసులే నయమనిపించింది. క్రాఫ్ట్‌వెర్క్ వారికి అన్నాళ్లు పోరాడే స్థోమత ఉంది. కోల్మన్‌కు ఇల్లే లేదు.

తరువాత వచ్చిన ఎం.పి.3, దానిని 1999లో ఇంటింటికీ చేర్చిన ‘నాప్‌స్టర్’ గురించి మన పిల్లలే మనకు చెప్పగలరు. కోర్టు దెబ్బకు నాప్‌స్టర్ 2001లో మూతపడింది గాని అలవాటు మూతపడలేదు. ఆ దెబ్బ పెద్ద గాయకుల కన్నా ఈ నాట్య సంగీతం వారికి గట్టిగా తగిలింది. కారణం, వీరిలో చాలామంది రికార్డులు వందల్లో, మహా అయితే వేయి రెండు వేలలో వేసుకునేవారు. మొదటి విడత అమ్మిన సొమ్ముతోనే రెండో విడత. ముందుగా వినమని డి.జె.లకు పంపిన ప్రతి బయటపడి, విడుదలకు ముందే అందరికీ ఉచితంగా దొరికితే ఆ చిన్న కంపెనీకి తరువాతి రికార్డు ఉండదు. 2004లో డెన్వర్ నగరంలో మొదలైన ‘బీట్‌పోర్ట్’ వంటి అంగళ్లు డి.జె.లకు డబ్బు తీసుకుని ఫైళ్లు అమ్మడం నేర్పి కొంత ఊరట కలిగించాయి. ఇప్పుడు నెలచందా కట్టి వినే పద్ధతి. అలాంటి ఒక పెద్ద సంస్థ 2024 నుంచి ఏడాదికి కనీసం 1000 సార్లు వినని పాటకు ఏమీ ఇవ్వడం లేదు. మా వాడి పాట నాలుగు వందలు దాటలేదు. అందులో సగం మా బంధువులమే.

పాట ఉచితంగా పోయినా కచేరీ టిక్కెట్ల మీద బతకవచ్చు కదా అనే వాదన తరచు వినపడుతుంది. ఇరవై ఐదేళ్లవాడికి అది సరిపోతుంది. రాత్రి పన్నెండింటి నుంచి తెల్లవారే దాకా సాగే ఆ కచేరీలు డెబ్బై ఏళ్ల వయసులో చేసి చూడమనండి!

చేసినవాడు ఒకాయన లేకపోలేదు. మన దేశంవాడే. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో వాయించిన చరణ్‌జీత్ సింగ్, నకారా తీర్పు వచ్చిన 1982లోనే, నేను పైన చెప్పిన ఆ జపాను పెట్టెలను కొని, పది హిందూస్తానీ రాగాలను డిస్కో తాళానికి కట్టి ఎల్.పి. రికార్డుగా ఇచ్చాడు. ఎవరూ కొనలేదు. అయిదేళ్ల తరువాత షికాగోలో ‘యాసిడ్ హౌస్’ పేరిట అటువంటి నాదమే పుట్టింది. ఈ శతాబ్దం మొదట్లో ఎడో బౌమన్ అనే డచ్చి దేశస్థుడికి ఆ ఎల్.పి. ఢిల్లీలో ఒక అంగడిలో కనబడింది. నకలు కొట్టి అమ్ముకుంటే అడిగేవాడు లేడు. ఆయన మాత్రం బొంబాయి వచ్చి, సింగ్ ఇంటిని వెతుక్కుని, కలిసి మాట్లాడాడు. 2010లో రికార్డు మళ్లీ వెలువడింది. డెబ్బై దాటిన వయసులో సింగ్ ఐరోపా వేదికల మీద తన మనవల ఈడు పిల్లల ఎదుట ఆ రాగాలు వాయించాడు. 2015లో మరణించాడు.

ఇంతవరకూ పరాయివారి లెక్కలు చెప్పాను. నా లెక్క కూడా చెప్పాలి.

1987 ప్రాంతంలో నేను ఒక మండల రెవెన్యూ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. అప్పుడు ప్రతి ఊళ్లోనూ రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఖాళీ క్యాసెట్టు, పాటల జాబితా ఇస్తే సాయంత్రానికి నింపి ఇచ్చేవారు. ఆ జాబితాలు రాయడంలో నాకు మంచి పేరు. ఆఫీసులో అందరూ నా చేతే రాయించుకునేవారు. తప్పన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆ ఊళ్లోనే ఒక సన్నాయి విద్వాంసుడు ఉండేవారు. అప్పుచేసి, పట్నం వెళ్లి రికార్డు చేయించుకుని తన పేరున ఒక క్యాసెట్టు వేయించుకున్నారు. నేను ఒకరి దగ్గర అది తీసుకుని నకలు తీయించుకున్నాను. బాగుందని ఆఫీసులో అడిగినవారికల్లా నకళ్లు తీయించి ఇచ్చాను. మా తమ్ముడి పెళ్లిలో, ఇల్లు కట్టుకున్నవారి గృహప్రవేశాల్లో అదే మోగింది. ఒకరోజు ఆయన శిస్తు పని మీద ఆఫీసుకు వచ్చారు. నేను ఎంతో సంతోషంగా, “మీ సన్నాయి ఈ ఆఫీసులో ఇరవై ఇళ్లలో ఉందండీ. అన్నీ నేనే కాపీ తీయించి ఇచ్చాను” అన్నాను.

ఆయన రెండు చేతులూ జోడించి, “చాలా సంతోషం గుమాస్తా గారూ. అసలుది కావలిస్తే చెప్పండి, ఇంట్లో మూడు పెట్టెలున్నాయి” అన్నారు.

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నారు. నేను చెప్పి పంపిస్తానన్నాను. పంపించలేదు. మరుసటి ఏడాది నాకు బదిలీ అయింది.

ఈ వ్యాసం రాస్తూ ఆ క్యాసెట్టు కోసం పాత ట్రంకు పెట్టె దించాను. దొరికింది. మోగించడానికి ఇంట్లో యంత్రం లేదు. మీద అట్టముక్క పైన నా దస్తూరీలోనే, ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: సన్నాయి, మంగళవాద్యం, 60 నిమిషాలు. వాయించినాయన పేరు రాయలేదు.