లీటరు కొసరు, విమానం కొసరు

పెట్రోలు బంకులో బేరం ఉండదు. తోట్లవల్లూరు నుంచి ఉయ్యూరు బజారుకెళ్లి వంకాయలు కొన్నా, చీర కొన్నా, ఆఖరికి మోటారుసైకిలు కొన్నా తగ్గించమని అడుగుతాం. తగ్గించకపోతే కొసరైనా వేయమంటాం. బంకు దగ్గర మాత్రం ఎంత గట్టి బేరగాడికైనా నోరు లేవదు. ‘రెండొందలకి కొట్టు’ అంటాం, కుర్రాడు ‘జీరో చూసుకోండి’ అంటాడు. అంతటితో సరి.

అలాంటి చోట డిస్కౌంటు ఎలా దూరింది? దాని పక్కన విమానం పాయింట్లు ఎప్పుడొచ్చి కూర్చున్నాయి? తండ్రి కరకట్ట మీద మోపెడ్ తోలుతుంటే కొడుకు మెల్‌బోర్న్‌లో కారు తోలే ఇళ్లు ఈ కృష్ణా లంకల్లో చాలానే ఉన్నాయి. బ్యాంకువాళ్లు ఫోన్ చేసి ‘పెట్రోలు కార్డా, ట్రావెల్ కార్డా’ అని అడిగితే ఆ ఇంట్లో రెండు జవాబులు వస్తాయి. రెండూ చాలా దూరం నుంచి నడిచొచ్చిన జవాబులే.

కొసరు మనకు కొత్త కాదు. ఇంధనానికి కూడా ఒకప్పుడు కొసరుండేది. బర్మా షెల్ కిరసనాయిలు అయిపోయాక డబ్బా మిగిలేది. పైరేకు కోసి, అడ్డంగా కర్ర బిగిస్తే నీళ్ల డబ్బా అయ్యేది. విప్పి చదును చేస్తే పాక తలుపుకు రేకయ్యేది. కంపెనీ ఉచితంగా ఇస్తున్నానని చెప్పలేదు, కొన్నవాళ్లూ పాయింట్లు లెక్కపెట్టలేదు. కానీ ఊళ్లో ఏ ఇంట్లో చూసినా డబ్బా ఉండేది.

లెక్కపెట్టి కూడబెట్టే కొసరు అమెరికాలో పుట్టింది. 1891లో మిల్వాకీ నగరంలో షూస్టర్స్ అనే పెద్ద దుకాణం సరుకు కొన్నవాళ్లకు చిన్న చిన్న స్టాంపులు ఇవ్వడం మొదలుపెట్టింది. 1896లో స్పెర్రీ, హచిన్‌సన్ అనే ఇద్దరు కలిసి దీన్నే ఒక వ్యాపారంగా మార్చారు. వాళ్ల స్టాంపులను దుకాణదార్లు కొనుక్కుని ఖాతాదార్లకు పంచేవారు. ఖాతాదార్లు ఇంటికెళ్లి, నాలికతో తడిపి, పుస్తకంలో అంటించి, పుస్తకం నిండాక దీపమో కుర్చీయో తెచ్చుకునేవారు. ఎస్ అండ్ హెచ్ ఆకుపచ్చ స్టాంపులంటే ఒక తరం అమెరికా గృహిణులకు ఇప్పటికీ గుర్తే. కిరాణా కొట్ల తర్వాత ఈ స్టాంపులు బాగా పాకింది పెట్రోలు బంకుల్లోనే. వీధికి ఈ చివర ఒక బంకు, ఆ చివర ఒక బంకు. రెండు చోట్లా ఒకటే సరుకు, ఇంచుమించు ఒకటే ధర. ఇక మనిషిని తన వైపు తిప్పుకోవాలంటే స్టాంపే దిక్కు.

1973లో అరబ్ దేశాలు చమురు బిగించాయి. బంకుల ముందు కార్లు బారులు తీరాయి. సరుకు దొరకడమే గగనమైనప్పుడు ఖాతాదారుణ్ని బతిమాలాల్సిన పనేముంది? బంకులు స్టాంపులకు స్వస్తి చెప్పాయి. ఇంగ్లండులో ఇదే కథ ఇంకో రకంగా ముగిసింది. అక్కడ 1958లో మొదలైన గ్రీన్ షీల్డ్ స్టాంపులను టెస్కో అనే దుకాణాల సంస్థ 1963 నుంచి పంచింది. 1977లో ఆపేసి, ఆ ఖర్చుతో ధరలు తగ్గించింది. జనం స్టాంపుల కోసం ఏడవలేదు, తగ్గిన ధర కోసం ఎగబడ్డారు. ఆ టెస్కోయే 1995లో క్లబ్‌కార్డు పేరుతో మళ్లీ పాయింట్ల దారి పట్టింది, అది వేరే సంగతి.

స్టాంపు చచ్చిన కాలంలోనే విమానం పాయింటు పుట్టింది. అమెరికాలో 1978 దాకా విమానం టిక్కెట్టు ధర ప్రభుత్వ బోర్డు నిర్ణయించేది. ఆ ఏడాది చట్టం మార్చి పగ్గాలు వదిలేశారు. కొత్త కంపెనీలు చవక టిక్కెట్లతో దిగాయి. పాత కంపెనీలకు గుబులు పుట్టింది. 1979లో టెక్సాస్ ఇంటర్నేషనల్ ఎంత దూరం తిరిగితే అంత లెక్క అనే పథకం పెట్టింది. అసలు ఊపు వచ్చింది మాత్రం 1981 మే 1న, అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ పథకంతో. టిక్కెట్ల బుకింగ్ కోసం ఆ కంపెనీ దగ్గర సేబర్ అనే కంప్యూటర్ వ్యవస్థ ముందే ఉంది. ఎవరు ఎన్నిసార్లు ఎక్కారో అందులో వెతికి పట్టుకోవచ్చు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కొద్ది రోజుల్లోనే పోటీ పథకం ప్రకటించింది.

రెండు కొసర్లకూ తేడా ఇక్కడే ఉంది. బంకువాడు లీటరుకు రూపాయి వదులుకుంటే ఎవరో ఒకరి జేబులోంచి నిజంగానే రూపాయి పోతుంది. విమానం మాటేమిటి? ఇరవై సీట్లు ఖాళీగా గాల్లోకి లేస్తే ఆ ఇరవై సీట్లూ ఆ క్షణమే బూడిద. వాటిలో ఒకటి పాయింట్ల మీద ఇస్తే కంపెనీకి అయ్యేది కాస్త ఇంధనం, ఒక భోజనం, కొన్ని కాగితాల ఖర్చు. ఎక్కినవాడికి మాత్రం వేల రూపాయలు మిగిలాయన్న ఆనందం. ఇచ్చేవాడికి చవకగా, పుచ్చుకునేవాడికి ఖరీదుగా కనిపించే సరుకు కన్నా మంచి కొసరు ఏముంటుంది? విమానం కార్డుల ప్రకటనల్లో అంకెలు అంత బొద్దుగా ఉండేది అందుకే.

1987లో సిటీ బ్యాంకు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి ఒక క్రెడిట్ కార్డు తెచ్చాక విమానం ఎక్కకుండానే మైళ్లు కూడే రోజులొచ్చాయి. బ్యాంకు విమాన కంపెనీ దగ్గర మైళ్లు కొని ఖాతాదార్లకు పంచుతుంది. అంటే పాతకాలపు దుకాణదారు స్టాంపులు కొన్నట్టే. ఈ వ్యాపారం ఎంత పెరిగిందో 2020లో బయటపడింది. కరోనాతో విమానాలు నేలమీదే ఉండిపోయినప్పుడు యునైటెడ్ తన పాయింట్ల పథకాన్నే తాకట్టు పెట్టి వందల కోట్ల డాలర్ల అప్పు తెచ్చింది. అందుకోసం ఆ పథకానికి కట్టిన విలువ దాదాపు 2,200 కోట్ల డాలర్లు. అప్పట్లో స్టాక్ మార్కెట్లో ఆ విమాన కంపెనీ మొత్తం విలువ అంతకన్నా తక్కువ.

మన దగ్గర ఈ రెండు కొసర్లూ ఆలస్యంగా రావడానికి కారణమూ ఒక్కటే. 1953 చట్టంతో విమానాలు ప్రభుత్వానివయ్యాయి. 1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్, ఆ వెంటనే కాల్టెక్స్ ప్రభుత్వపరమయ్యాయి. విమానం కావాలంటే ఇండియన్ ఎయిర్‌లైన్స్, పెట్రోలు కావాలంటే సర్కారు ధర. పోటీ లేని చోట కొసరు ఎవరు వేస్తారు? 1994లో ఆ విమాన చట్టం రద్దయింది. జెట్ లాంటి ప్రైవేటు కంపెనీలు నిలదొక్కుకున్నాక పాయింట్లు వచ్చాయి. ఇంధనం వైపు భారత్ పెట్రోలియం 1999లో పెట్రోబోనస్ తెచ్చింది. 2002లో పాత ధరల పద్ధతి కాగితం మీద పోయింది, పెట్రోలు ధర మీద పగ్గం వదిలింది 2010లో, డీజిలు మీద 2014లో. 2017 జూన్ 16 నుంచి రోజుకో ధర. ఇంతా చేసి మూడు ప్రభుత్వ కంపెనీల బోర్డుల మీద అంకెలు పైసల తేడాతో ఒకేలా ఉంటాయి. కాబట్టి తగ్గింపు ఇవ్వాలన్నా బోర్డు మీద ఇవ్వరు, పెరటి తలుపులోంచి కార్డు మీద ఇస్తారు.

నిజమైన తగ్గింపు బోర్డు మీదే చూడాలంటే యానాం వెళ్లాలి. అక్కడ పన్ను తక్కువ కాబట్టి చుట్టుపక్కల గోదావరి ఊళ్ల బళ్లు వెళ్లి ట్యాంకు నింపుకుని వస్తాయి. కృష్ణా లంకల నుంచి అంత దూరం పోతే పోను రాను పెట్రోలుకే సరిపోతుంది.

ఇంధనం కార్డును మన ప్రాంతంలో మొదట బాగా వాడుకున్నది లారీ యజమానులు. విజయవాడ ఆటోనగర్ చుట్టూ అల్లుకున్న లారీల లోకానికి స్మార్ట్‌ఫ్లీట్, ఎక్స్‌ట్రాపవర్, డ్రైవ్‌ట్రాక్ అన్న కార్డులు నోట నానిన పేర్లు. యజమాని ఇక్కడ డబ్బు వేస్తాడు, డ్రైవరు నాగపూర్‌లో కార్డు గీస్తాడు. ఏ బండికి ఎంత దాకా అన్నది ముందే కట్టేసి ఉంటుంది. ఏ బంకులో ఎంత పోయించారో కాగితం మీదికి వస్తుంది. పాయింట్లు వస్తాయి, నిజమే. కానీ యజమాని ఆ కార్డును ప్రేమించింది పాయింట్ల కోసం అనుకోను. డ్రైవరు చేతిలో నోట్లకట్ట పెట్టే బాధ తప్పింది, డీజిలు లెక్క ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఈ చరిత్ర మొత్తంలో కొసరు కన్నా అసలు ఎక్కువ లాభం ఇచ్చిన సందర్భం ఇదొక్కటే నాకు కనిపిస్తుంది.

మామూలు ఇళ్లకు పెట్రోలు తగ్గింపు తెలిసింది పెద్దనోట్ల రద్దు తర్వాత. 2016 డిసెంబరులో ప్రభుత్వ బంకుల్లో కార్డుతోనో ఫోనుతోనో కడితే 0.75 శాతం వెనక్కి అన్నారు. వంద రూపాయలకు ముప్పావలా. నెల తిరక్కుండానే ఇంకో గొడవ. కార్డు గీతకు ఒక శాతం బంకువాళ్ల దగ్గరే వసూలు చేస్తామని బ్యాంకులు కబురు పెట్టాయి. మా కమీషను లీటరుకింత అని కట్టేసి ఉంది, అందులోంచి మీకెక్కడివ్వాలి, అసలు కార్డులే తీసుకోం అని డీలర్లు ఎదురు తిరిగారు. చివరికి బ్యాంకులు వెనక్కి తగ్గాయి. 2019 అక్టోబరు నుంచి క్రెడిట్ కార్డులకు ఆ ముప్పావలా కూడా తీసేశారు.

ఇక క్రెడిట్ కార్డు ప్రకటనల్లో ‘ఇంధన సర్‌చార్జి మాఫీ’ అని పెద్దక్షరాలతో కనిపించేది చూడండి. బంకులో కార్డు గీస్తే ఒక శాతం అదనంగా పడుతుంది. ఆ ఒక శాతాన్నే తర్వాత వెనక్కి ఇస్తారు. మన జేబులోంచి తీసి మన జేబులోనే పెట్టి, చూశావా ఎంత మిగిల్చానో అన్నట్టు. అదీ చాలా కార్డుల్లో నాలుగొందలో అయిదొందలో దాటిన బిల్లుకే. ‘రెండొందలకి కొట్టు’ అనే మోటారుసైకిలుకు ఆ మాఫీ కూడా రాదు.

పెట్రోలు కోసమే చేసిన కార్డులు దీనికన్నా మెరుగు. వాటిలో నాలుగు శాతం దాకా వచ్చేవి ఉన్నాయి. నెలకు 3,000 రూపాయల పెట్రోలు పోయించే ఇంటికి నాలుగు శాతమంటే నెలకు 120, ఏడాదికి 1,440. కార్డు రుసుము 500, దాని మీద పన్నుతో 590 పోతే మిగిలేది 850. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు లీటరు 110కి అటూ ఇటూగా ఉంటోంది కాబట్టి, ఏడాదికి ఎనిమిది లీటర్లు కూడా నిండవు. తక్కువే. కానీ ఇది తారుమారు కాని లెక్క. విమానం కార్డుతో అదే పెట్రోలు పోయిస్తే చాలా కార్డుల్లో ఒక్క పాయింటూ రాదు, ఎందుకంటే ఇంధనం ఖర్చును వాటిలో పక్కన పెట్టేస్తారు.

విమానం పాయింట్లకు ఇంకో గండం ఉంది. కంపెనీ మునిగితే వాటిని ఎవరిని అడగాలి? 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయినప్పుడు దాని పాయింట్లూ ఆగిపోయాయి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఆగినప్పుడు మాత్రం పాయింట్ల కంపెనీ అప్పటికే వేరు కాపురం పెట్టుకుని ఉంది కాబట్టి ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని బతికింది. సొంత విమానం లేని మైళ్లన్నమాట. గన్నవరం విమానాశ్రయంలో ఎక్కువగా కనిపించే ఇండిగో అయితే దేశంలో సగానికి పైగా ప్రయాణికుల్ని మోస్తూ కూడా ఏళ్ల తరబడి మామూలు ప్రయాణికులకు పాయింట్లు ఇవ్వలేదు. చవక టిక్కెట్టు, వేళకు విమానం, ఇంకేం కావాలన్నది దాని ధీమా. 2024లో ఖరీదైన సీట్లు పెట్టే వేళకు బ్లూచిప్ అని పాయింట్లు తెచ్చింది.

‘పెట్రోలా, విమానమా’ అన్న ప్రశ్న నికరంగా ఎదురయ్యేది ఆస్ట్రేలియాలో. అక్కడి జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవాళ్లు 2016లో 34 వేల చిల్లర, 2021కి 59 వేలు. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నీట్, పాయింట్ కుక్ వైపు వెళ్తే మన మాట వినిపిస్తుంది. వాళ్లు వారం వారం వెళ్లే ఉల్‌వర్త్స్ దుకాణంలో 30 డాలర్లు దాటి సరుకు కొంటే పెట్రోలు మీద లీటరుకు 4 సెంట్లు తగ్గుతుంది. అంతకు మించి ఇస్తే చిన్న బంకులు మూతపడతాయని పోటీ నియంత్రణ సంఘం అడ్డుపడి, 2014 జనవరి నుంచి 4 సెంట్ల దగ్గర కట్టేయించింది. 2009లో ఆ దుకాణం కార్డుకు క్వాంటాస్ విమానం పాయింట్లు కలిపారు. 2015 చివర్లో వాటిని తీసేసి డాలర్లు ఇస్తామంటే జనం మండిపడ్డారు. 2016లోనే క్వాంటాస్ తిరిగొచ్చింది. ఇప్పుడు 2,000 పాయింట్లు కూడితే 10 డాలర్ల తగ్గింపైనా తీసుకోవచ్చు, 1,000 క్వాంటాస్ పాయింట్లైనా తీసుకోవచ్చు.

అరవై లీటర్ల ట్యాంకుకు 4 సెంట్ల లెక్కన 2 డాలర్ల 40 సెంట్లు. దాన్ని తెచ్చిన 30 డాలర్ల సరుకుకు పాయింట్లుగా వచ్చేది 15 సెంట్లు. ఆ 15 సెంట్లే విమానం వైపు మళ్లితే బంగారమవుతాయని ఆశ. మళ్లొచ్చు కూడా, సీటు దొరికితే. మనవాళ్లకు చిక్కంతా అక్కడే. మెల్‌బోర్న్‌లో బడులకు పెద్ద సెలవులు డిసెంబరు మూడో వారం నుంచి జనవరి ఆఖరు దాకా. సంక్రాంతి ఆ మధ్యలో పడుతుంది. పిల్లల్ని తీసుకుని ఊరికి రావాలంటే ఆ ఆరు వారాలే. అప్పుడు విమానాలు డబ్బులిచ్చేవాళ్లతోనే నిండిపోతాయి, పాయింట్ల సీట్లు ఖాళీగా ఎందుకుంటాయి? నలుగురున్న ఇంటికి నాలుగు సీట్లు ఒకే విమానంలో కలిసి దొరకడం మరీ కష్టం. దొరికినా పన్నులూ రుసుములూ చేతి నుంచే కట్టాలి. ఏడాదిన్నర పాటు ఖాతాలో కదలిక లేకపోతే క్వాంటాస్ పాయింట్లు చెల్లవు కూడా. పెళ్లాం పిల్లలు లేని కుర్రాడు ఏ ఆగస్టులోనో ఒంటరిగా వచ్చేట్టయితే పాయింట్లు కూడబెట్టుకోవచ్చు. సంసారులు 10 డాలర్లు తీసుకోవడమే మేలని నా లెక్క.

ఇటు తోట్లవల్లూరులో, చెరకు కొట్టే రోజుల్లో ఉయ్యూరు కేసీపీ చక్కెర ఫ్యాక్టరీకి తోలే ట్రాక్టర్లకు ఈ కార్డులన్నీ దూరపు చుట్టాలు. తెలిసిన బంకులో డీజిలు ఖాతా రాయించుకుని, ఫ్యాక్టరీ డబ్బు పడ్డాక తీర్చడం రైతుకు అలవాటు. వడ్డీ లేని ఆ వాయిదా ముందు నాలుగు శాతం చిన్నది. కార్డు కూడా నలభై అయిదు రోజుల దాకా అలాంటి వాయిదానే ఇస్తుంది, తేదీ మాత్రం తప్పకూడదు. తప్పితే చాలా కార్డుల్లో నెలకు మూడున్నర శాతం వడ్డీ, ఆలస్య రుసుము, వాటి మీద పన్ను. 3,000 బాకీ ఒక్క నెల నిలిస్తే వడ్డీయే 105 రూపాయలు. ఆ నెల పెట్రోలు మీద వచ్చిన 120లో ఆలస్య రుసుముకూ పన్నుకూ మిగిలేది 15.